రెండో పీపాను నిలబెట్టిన చెయ్యి

రేంజర్ ఓపల్ రెన్‌ఫ్రో ట్రక్కు మా గేటు దగ్గర ఆగేసరికి బుధవారం ఉదయం తొమ్మిదీ నలభై. పన్నెండింటికి పశువుల డాక్టర్ వచ్చి బిస్కెట్ అనే గుర్రానికి సూది వేస్తాడు. ఆ సూదితో బిస్కెట్ చచ్చిపోతుంది. మా చేతిలో ఉన్నది రెండు గంటల ఇరవై నిమిషాలు.

"ఫోన్ చేసి పెట్టేసిన పిల్లవి నువ్వేనా?" అంది ఆవిడ దిగుతూనే.

తలూపాను. నిన్న సాయంత్రం రెండుసార్లు ఆవిడ గొంతు వినగానే పెట్టేశాను. మూడోసారి, "ఊపిరి బాగానే వినిపిస్తోంది తల్లీ, మాటలు కూడా వినిపిస్తే బాగుంటుంది" అంది. అప్పుడు చెప్పాను. పశ్చిమ ఓక్లహోమాలో ఆవులు, గుర్రాలు పోతే వెతికే రేంజర్ ఆవిడ. యాభై దాటాయి. పొద్దుతిరుగుడు గింజలు నమిలి తొక్కలు ఒక కాగితం కప్పులో ఊస్తూ ఉంటుంది. ఎదుటివాళ్ళు అబద్ధం మొదలుపెడితే నమలడం ఆపుతుందని నాన్న ఒకసారి చెప్పాడు.

జరిగింది చెప్పమంది. రాత్రి రాసుకున్న కాగితం ఇచ్చాను. ఆవిడ ట్రక్కు బానెట్ మీద పరిచి చదివింది.

మంగళవారం ఐదూ యాభైకి నాన్న బిస్కెట్‌కి జీను వేశాడు. ఆరూ పదికి బరిలోకి వెళ్ళడం వంటింటి కిటికీలోంచి చూశాను. ఆరూ ముప్పై అయిదుకి స్కూలు బస్సుకి బయల్దేరితే, బిస్కెట్ గేటు దగ్గర ఒక్కతే నిలబడి ఉంది, పగ్గాలు నేల మీద. నాన్న రెండో పీపా పక్కన, తల పగిలి. ఆరూ యాభై ఎనిమిదికి అంబులెన్స్ వచ్చింది. ఏడూ అయిదుకి కౌంటీ పోలీసు, డెప్యూటీ బాయ్డ్ లాసిటర్ వచ్చాడు; స్పృహ లేని నాన్నని ఆ తర్వాతే ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఏడూ యాభైకి బిస్కెట్ యజమానురాలు మిసెస్ ఆర్డిత్ క్లేపూల్ వచ్చింది. ఏడూ యాభై అయిదుకి అందరూ కలిసి 'ప్రమాదం' అన్నారు.

"ఈ ఆఖరి ముక్క బాగుంది," అంది రేంజర్. "ఐదు నిమిషాల్లో తేల్చేశారన్నమాట. నేను కాఫీ కలుపుకోవడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది."

బిస్కెట్ మాది కాదు. మిసెస్ క్లేపూల్‌ది. కానీ మూడేళ్ళుగా దాన్ని పీపాల పందేనికి తయారు చేస్తున్నది మా నాన్న రాయ్స్ టిల్‌మన్. నిరుటి నుంచి పోటీల్లో దాని మీద ఎక్కేది నేను. మూడు పీపాలు, వాటి చుట్టూ మూడు మలుపులు, మళ్ళీ గేటుకి దౌడు. మా ఇద్దరికీ పట్టేది పదిహేడు సెకన్లు. రోజు మొత్తంలో నేను ఎవరికీ భయపడనిది ఆ పదిహేడు సెకన్లే.

బరి దగ్గర బాయ్డ్ లాసిటర్ కంచెకి ఆనుకుని మా కోసమే ఉన్నాడు. నలభై ఏళ్ళ మనిషి, ఇస్త్రీ చొక్కా, బూట్లకి మట్టి అంటదు.

"ఇక్కడ ఏ ఆవూ తప్పిపోలేదు మేడం," అన్నాడు.

"తెలుసు బాయ్డ్. ఎవరిదో బుద్ధి తప్పిపోయిందని ఫోనొచ్చింది. అది కూడా వెతుకుతుంటాను."

అతను నవ్వాడు గానీ పక్కకి జరగలేదు. ఇది కౌంటీ కేసు, ఆవిడ పరిధి కాదు అన్నాడు. గుర్రాన్ని చంపమని కాగితం రాశారు కాబట్టి గుర్రం వరకూ తన పరిధే అంది ఆవిడ. యజమాని తన గుర్రాన్ని తను చంపించుకోవచ్చు, ఏ చట్టమూ ఆపదు అన్నాడు అతను. పన్నెండు దాకా గుర్రం బతికే ఉంటుంది కదా, అప్పటిదాకా చూస్తాను, చూడ్డానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు అంది ఆవిడ. చివరికి అతను గేటు తీశాడు, వాచీ వైపు ఒకసారి చూపించి.

అతని లెక్క ఇది. నాన్న బిస్కెట్‌ని పూర్తి దౌడులో వదిలాడు. అది రెండో పీపా దగ్గర జారి పీపాని గుద్దింది. నాన్న తలకిందులుగా పీపా అంచు మీద పడ్డాడు. ఇలాంటి గుర్రం ఇంకొకరి ప్రాణం మీదకి తేకముందే పంపించెయ్యాలి.

రేంజర్ ఆ మాటలు విన్నట్టే లేదు. నా వైపు తిరిగింది. "మార్లిస్, మీ నాన్న ఇంటి దగ్గర ఈ గుర్రాన్ని చివరిసారి ఎప్పుడు దౌడు తీయించాడు?"

"తీయించడు," అన్నాను.

"కొంచెం గట్టిగా చెప్పు. బాయ్డ్‌కి కూడా వినపడాలి."

చెప్పాను. నేర్చేసుకున్న గుర్రాన్ని ఇంటి బరిలో దౌడు తీయించరు. నడక, మహా అయితే చిన్న పరుగు. పీపా చుట్టూ ఎంత చోటు వదలాలి, ఏ అడుగు దగ్గర తల తిప్పాలి, అదంతా నెమ్మదిగానే దిద్దుతారు. రోజూ దౌడు తీయిస్తే గుర్రానికి పీపాలంటే కంగారు పట్టుకుంటుంది, గేటు దగ్గరే మొండికేస్తుంది. వేగం పోటీ రోజు కోసం దాచిపెట్టాలి. ఇంత పొడుగు మాట నేను బయటివాళ్ళ ముందు ఎప్పుడూ మాట్లాడలేదు. చెవులు వేడెక్కాయి.

"ప్రతివాడూ ఏదో ఒక రోజు తప్పు చేస్తాడు," అన్నాడు బాయ్డ్.

"చేస్తే మట్టి మీద ఉంటుంది," అంది రేంజర్, టేపు తీస్తూ.

నాన్న రోజూ సాయంత్రం బరికి నీళ్ళు కొట్టి, ట్రాక్టరుకి దంతె కట్టి లాగుతాడు. ఆ తర్వాత తెల్లారేదాకా లోపలికి కోడిని కూడా రానివ్వడు. అందుకే నిన్నటి గిట్టల గుర్తులు అచ్చు గుద్దినట్టు ఉన్నాయి. రెండో పీపా దగ్గరా, గేటు నుంచి దాని దాకా ఒక చాలులోనూ మాత్రం బాయ్డ్ బూట్లు, అంబులెన్స్ వాళ్ళ బూట్లు, స్ట్రెచర్ చక్రాలు కలిసి అంతా తొక్కేసి ఉంది. మిగతా బరి శుభ్రం.

ఆవిడ మొదటి పీపా దగ్గర వంగి టేపు పరిచింది. వెనక కాలి గుర్తు ముందు కాలి గుర్తు మీదే పడింది. అడుగు పొట్టిగా, ఒకే కొలతలో. వెనక్కి ఎగిరిన మట్టి లేదు. అక్కడి నుంచి రెండో పీపాకి వెళ్ళే దారిలో కూడా అంతే. ఆ పీపాకి కొంచెం ఇవతల, బూట్ల తొక్కిడి మొదలయ్యే అంచున, నాలుగు గిట్టలూ పక్కపక్కనే లోతుగా దిగి ఉన్నాయి. గుర్రం అక్కడ ఆగి నిలబడింది. దాని పక్కనే ఎడమ వైపు నాన్న బూటు మడమ గుర్తు. అక్కడి నుంచి ఒక్కసారిగా పక్కకి గెంతిన గుర్తులు, ఆ తర్వాత గేటు దాకా దౌడు.

"నడుచుకుంటూ వచ్చింది. ఆగింది. రాయ్స్ దిగాడు," అంది ఆవిడ లేస్తూ. "గుర్రం బెదిరింది ఆ తర్వాత. మనిషి పడ్డాక. ఇది నీకు నిన్న కనపడలేదా బాయ్డ్?"

"గిట్టల గుర్తులు జడ్జీ ముందు సాక్ష్యం చెప్పవు."

"పీపా చెబుతుందేమో."

"పీపాకేమైంది? బాగానే నిలబడి ఉందిగా."

రేంజర్ నమలడం ఆపింది. "అదే నేనూ చూస్తున్నాను," అంది.

నేనూ చూశాను. నిన్నటి నుంచి వందసార్లు కళ్ళ ముందు ఆడిన దృశ్యమే. నాన్న, రక్తం, పక్కన నిటారుగా పీపా, దాని చోటు తెలియడానికి నేలలో కొట్టిన గుర్తు మేకు మీద సరిగ్గా. పడిన పీపా అయితే కంట్లో గుచ్చుకునేది. నిలబడిన పీపాని ఎవరు చూస్తారు?

రేంజర్ దాని చుట్టూ తిరిగింది. ఒక పక్కన, కింది అంచు నుంచి పై అంచు దాకా, జానెడు వెడల్పున మట్టి ఎండి అట్టకట్టి ఉంది. తడి నేల మీద పడుకోబెడితే అంటుకునే మట్టి. మిగతా రెండు పీపాల పక్కలు శుభ్రం. పై అంచు కింద నాన్న వెంట్రుకలు రెండు. కాబట్టి నాన్న పడినప్పుడు పీపా కూడా పడింది. తర్వాత ఎవరో లేపి నిలబెట్టారు.

ఆవిడ ఒక్కొక్కరినీ అడిగింది. ఆరూ ముప్పై అయిదుకి నేను వచ్చేటప్పటికి నిలబడే ఉందా? ఉంది. నేను ముట్టుకున్నానా? లేదు. అంబులెన్స్ వాళ్ళని పొద్దున వచ్చే దారిలోనే ఫోన్‌లో అడిగిందట, వాళ్ళూ ముట్టుకోలేదు. బాయ్డ్‌ని అడిగితే, మనిషి రక్తంలో పడి ఉంటే సామాను సర్దడం తన ఉద్యోగం కాదన్నాడు.

"కదా. నువ్వయితే లేపవు," అంది రేంజర్. "ఆరూ పదికి, ఆరూ ముప్పై అయిదుకి మధ్య ఇక్కడ ఇంకొకరు ఉన్నారు. చావుబతుకుల్లో ఉన్న మనిషిని వదిలేసి పీపాని లేపి గుర్తు మీద పెట్టి వెళ్ళారు. కావాలని చేసిన పని కాదు అది. చేతికి తెలియకుండా జరిగిపోయే పని. పీపాల పందెంలో పుట్టి పెరిగినవాళ్ళ చెయ్యి."

బాయ్డ్ ఏదో అనబోయాడు. అప్పుడే అతని ఫోన్ మోగింది. పక్కకి వెళ్ళి మాట్లాడాడు. తిరిగి వచ్చినప్పుడు మొహంలో ఏమీ లేదు.

"రాయ్స్ కళ్ళు తెరిచాడట," అన్నాడు. "వాంగ్మూలం తీసుకోవాలి. వెళ్తున్నా."

ఆస్పత్రి వాళ్ళు నాకు కాకుండా అతనికి ఎందుకు చేశారని అడగాలనుకున్నాను. నోట్లోంచి వచ్చింది మాత్రం "నేనూ వస్తాను" అన్న ముక్క. వాంగ్మూలం అయ్యేదాకా చుట్టాలని పంపరు అన్నాడు. పదకొండూ ఇరవైకి అతని కారు రోడ్డెక్కింది. ఆస్పత్రికి నలభై నిమిషాలు.

"నిన్ను నేను దింపిరాగలను," అంది రేంజర్. "కానీ మనం వెళ్తే ఇక్కడ సూదిని ఆపేవాళ్ళు ఉండరు. నువ్వే చెప్పు."

నాన్న కళ్ళు తెరిచాక నేను పక్కన ఉండాలి. కానీ ఆయన నన్ను చూశాక రెండో మాటగా అడిగేది బిస్కెట్ గురించే. అప్పుడు ఏం చెప్పను? కొట్టంలోంచి అది గిట్టతో తలుపు తంతోంది. నిన్నటి నుంచి ఎవరూ బయటికి తీయలేదు.

"ఉంటాను," అన్నాను.

మిసెస్ క్లేపూల్ పదకొండూ ముప్పైకి వచ్చింది. అరవై ఏళ్ళు, వెన్ను ఇంకా జీను మీద ఉన్నట్టే నిటారుగా ఉంటుంది. రాష్ట్ర పోటీ రెండుసార్లు గెలిచింది, ఆ బెల్టు బిళ్ళ పెట్టుకోకుండా బయటికి రాదు. నన్ను చూసి, "బాధగానే ఉంటుంది బంగారం, కానీ తప్పదు" అని నా భుజం నిమిరింది. నేను కదల్లేదు.

రేంజర్ ఆవిడని చాలా మర్యాదగా బరిలోకి తీసుకెళ్ళింది. తనకి ఆవుల సంగతి తెలిసినంత పీపాల సంగతి తెలియదని, కాస్త వివరించమని అడిగింది. మాటల మధ్యలో టైములు కూడా అడిగింది. మంగళవారం ఇంట్లోనే ఉన్నానని, ఏడూ పదిహేనుకి బాయ్డ్ ఫోన్ చేస్తేనే తెలిసిందని, వచ్చాక కూడా గేటు బయటే నిలబడ్డానని మిసెస్ క్లేపూల్ చెప్పింది. బరిలో అడుగు పెట్టలేదు. పది రోజులుగా పెట్టలేదు.

"మరి గుర్రం ఈ పీపా దగ్గరికి ఏ వైపు నుంచి వస్తుంది?" అంటూ రేంజర్ వెనక్కి అడుగేసింది. మొదటి పీపాకి నడుం తగిలి అది దబ్బున పడి దొర్లింది. "అయ్యో, ఈ లావు ఒకటి నాకు," అంది తన నడుం తనే చరుచుకుంటూ.

మిసెస్ క్లేపూల్ చెబుతున్న మాట ఆపలేదు. గుర్రం కుడి నుంచి వస్తుంది, భుజం వాలకూడదు అంటూనే వంగి, పీపా అంచు పట్టుకుని ఒక్క గుంజుతో లేపింది, బూటు కొనతో తోసి గుర్తు మేకు మీదకి తెచ్చింది, పైన ఒక అంచున ఉన్న ఇనప బిరడా తనకి కావలసిన వైపు వచ్చేలా పీపాని తిప్పింది. చేతులు దులుపుకుంది. మాట ఎక్కడా తెగలేదు.

రేంజర్ నమలడం లేదు.

"థాంక్స్," అంది. "ఎంత బాగా లేపారు."

మిసెస్ క్లేపూల్ తన చేతుల్ని చూసుకుంది. తర్వాత రెండో పీపా వైపు చూసింది. అంతా అర్థమైందని నాకు ఆవిడ మెడ చూస్తే తెలిసింది.

"పీపా పడితే ఎవరైనా లేపుతారు," అంది. "ఈ ఊళ్ళో ఆరేళ్ళ పిల్లయినా లేపుతుంది."

"నిజమే. ఈ మార్లిస్ కూడా లేపుతుంది. మార్లిస్, మీ ఇంట్లో బిరడా ఏ వైపు పెడతారు?"

"గేటు వైపు," అన్నాను. "ఎప్పుడూ గేటు వైపే. మూడూ ఒకలా ఉన్నాయో లేదో నాన్న గేటు దగ్గర నిలబడి చూస్తాడు."

మూడో పీపా బిరడా గేటు వైపే ఉంది. రెండో పీపాది గేటుకి అవతలి వైపు ఉంది. ఇప్పుడు మిసెస్ క్లేపూల్ నిలబెట్టిన మొదటి పీపాది కూడా అవతలి వైపే.

"మీరు ఎందుకు అటు పెడతారు?" అడిగింది రేంజర్. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది.

మిసెస్ క్లేపూల్ బిరడా వైపు చూసింది. "ఎండకి మెరుస్తుంది. కొత్త గుర్రాలు బెదురుతాయి. మా అమ్మ అలా నేర్పింది." వెంటనే గొంతు గట్టిపడింది. "మీకేం కావాలంటే అది రాసుకోండి. గుర్రం నాది. అదిగో డాక్టర్ వచ్చాడు."

పదకొండూ నలభై ఎనిమిది. డాక్టర్ హౌగెన్ పాత వ్యాను కొట్టం ముందు ఆగింది. ఆయన తెల్ల పెట్టె తీస్తుంటే నేను పరిగెత్తి కొట్టం తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. చేతులు రెండు పక్కలకీ చాపాను. వెనక నుంచి బిస్కెట్ నా మెడ మీద వేడిగా ఊదింది.

"నాకు మాత్రం సరదానా తల్లీ," అన్నాడు డాక్టర్. "కాగితం ఉంది."

రేంజర్ నెమ్మదిగా వచ్చి ఆయన్ని ఒక్కటే అడిగింది, రాయ్స్ ఈమధ్య ఏమైనా అడిగాడా అని. డాక్టర్ గుర్తు చేసుకున్నాడు. సోమవారం సాయంత్రం, గుర్రాల మెడలో పెట్టే గుర్తింపు చిప్ నంబరు చదివే యంత్రం అరువు అడిగాడు. ఎందుకో చెప్పలేదు. ఒక గంటలో తిరిగిచ్చాడు, మొహం పాలిపోయి ఉంది.

"అది వ్యానులో ఉందా? సూది వేసేముందు ఏ గుర్రానికి వేస్తున్నారో సరిచూసుకోవాలిగా. కాగితంలో ఉన్న గుర్రమే కదా ఇది?"

మిసెస్ క్లేపూల్ అక్కర్లేదంది. కానీ అప్పటికే డాక్టర్ యంత్రం తీశాడు. నేను పక్కకి జరిగి బిస్కెట్ జూలు ఎత్తి పట్టుకున్నాను. మెడకి ఎడమ వైపు యంత్రం ఆనించగానే కీచుమంది. డాక్టర్ అంకెలు చదివాడు. మిసెస్ క్లేపూల్ కాగితంలో ఉన్న నంబరు చూశాడు. మళ్ళీ చదివాడు. తెల్ల పెట్టె మూత మూసేశాడు.

"ఇది వేరే గుర్రం," అన్నాడు.

రేంజర్ చిప్పుల నమోదు కార్యాలయానికి ఫోన్ చేసి అందరికీ వినపడేలా పెట్టింది. అవతల అమ్మాయి అంకెలు వేసుకుని తాపీగా చెప్పింది. మొంటానా గుర్రం. పోటీలకి ఇంకా దిగని పిల్ల. మూడేళ్ళ నాలుగు నెలల క్రితం మా కౌంటీ సంతలో ట్రైలర్‌తో సహా పోయిందని ఫిర్యాదు ఉంది.

"ఫిర్యాదు ఇంకా తెరిచే ఉందా?" అంది రేంజర్.

"లేదండీ. మూసేశారు. కాలిపోయిన ట్రైలర్‌లో కళేబరం దొరికింది, ఆ గుర్రమే అని అధికారి సంతకం పెట్టారు."

"ఏ అధికారి?"

"లాసిటర్. డెప్యూటీ బాయ్డ్ లాసిటర్."

మిసెస్ క్లేపూల్ మెల్లగా కంచె పట్టుకుని కూర్చుంది.

"రాయ్స్ ఫోన్ చేసి రమ్మన్నాడు," అంది, నేల వైపు చూస్తూ. "పొద్దున్నే. చిప్ నంబరు చూపించి, ఇది దొంగిలించిన గుర్రమని రేంజర్‌కి చెబుతానన్నాడు. నేను తోశాను. తోశానంతే. చంపాలని కాదు. బాయ్డ్‌కి చెబితే, మీరు ఇంటికి వెళ్ళండి, మిగతాది నేను చూసుకుంటానన్నాడు." తలెత్తింది. "అతను ఇప్పుడు ఎక్కడున్నాడు?"

రేంజర్ అప్పటికే ఆస్పత్రికి కలుపుతోంది. నేను కొట్టం గోడ మీది గడియారం చూశాను. పన్నెండూ రెండు.

నర్సు ఎత్తింది. టిల్‌మన్ గారా, అవునండీ, స్పృహలోనే ఉన్నారు అంది. డెప్యూటీ గారు ఇప్పుడే వచ్చారు, రెండు నిమిషాలైంది. తలుపు వేసుకుని మాట్లాడుతున్నారు, ఎవరినీ రానివ్వొద్దన్నారు.

రేంజర్ తను ఎవరో చెప్పబోయింది. వాంగ్మూలం అయ్యాక చేయండి మేడం అంటోంది నర్సు, అప్పుడే పెట్టేసేలా ఉంది. నేను ఆ ఫోన్ లాక్కున్నాను.

"నేను ఆయన కూతుర్ని," అన్నాను. ఆ గొంతు నాదేనా అనిపించింది. "పెట్టెయ్యకండి. ఫోన్ చేతిలోనే పట్టుకుని నడవండి. ఆ తలుపు తియ్యండి. మీకు దొరికిన వాళ్ళందరినీ పిలుచుకుని వెళ్ళండి, గట్టిగా అరుచుకుంటూ వెళ్ళండి. నేను వింటూ ఉంటాను."

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. ఎవరినో పేరు పెట్టి పిలిచింది, ఇంకొకరిని పిలిచింది. గచ్చు మీద చెప్పుల చప్పుడు మొదట నడకలా, తర్వాత పరుగులా మారింది. తలుపు పిడి తిరిగిన చప్పుడు వినిపించింది. మళ్ళీ తిరిగింది.

"లోపల గడియ పెట్టి ఉంది," అంది నర్సు.